చిత్తూరులో సున్నా డిగ్రీలు

కార్వేటినగరం నుంచి తిరుపతి మీదుగా చిత్తూరుకు పోయి రావడం గూడా ఒక యాత్రేనా అని మా వీధిలో నవ్వినారు. నవ్వనీ. కాశీకి పోయినోళ్ళు రాసుకున్నవి నేనూ చదివినాను. చూడాలనుకున్నది చూసి వచ్చి రాసినారు. నేనూ అంతే. మూడు రోజుల్లో రెండు జిల్లాల బయట కాలు పెట్టలేదు గానీ, ముప్పై ఏండ్లుగా పోవాలని మనసు పీకతా ఉన్నా పోలేని ఒక గడప తొక్కి వచ్చినాను.

నాకు అక్షరాలు నలభై దాటినాక వచ్చినాయి. ఒత్తులు తప్పి ఉంటే సర్దుకొని చదవండి.

ఇంటికాడ, ఒక ఫోను

వేసవి మొదట్లో ఒక పాప ఫోను చేసింది. పేరు హేమలత, తిరుపతిలో ఒక కంపెనీలో ఉద్యోగం. ఫ్యాక్టరీల్లో మిషన్లను నడిపే సాఫ్ట్‌వేరు సరిగ్గా ఉండాదా లేదా అని పరీక్ష పెట్టే పని అంట. చిత్తూరు పక్కన నేను ఇరవై ఎనిమిదేండ్లు చాకిరీ చేసిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పాత కుక్కరు తీసేసి కొత్తది పెట్టినారు. కుక్కరంటే ఇంట్లోది కాదు. గుజ్జు నింపిన డబ్బాలను ఇనుప బుట్టల్లో పేర్చి, లోపలికి దించి, మూత బిగించి ఆవిరితో ఉడికించే పాత్ర. మనిషి లోపల నిలబడితే తల కనపడదు.

"తాతా, పాత కుక్కరు పక్కన ఒక చిన్న కొళాయి ఉండాది గదా. మూత తీసే ముందు పనోళ్ళందరూ దాన్ని తిప్పి, చెయ్యి అడ్డం పెట్టి, ఆ చేతిని కండ్లకు అద్దుకుంటా ఉండారు. ఎందుకని అడిగితే ఎవరికీ తెలీదు. గురప్ప, అంటే మీరే, పెట్టిన ఆచారం అంటారు. కొత్త కుక్కరుకు ఆ చిన్న కొళాయి లేదు. కొళాయి లేకపోతే మూత ముట్టుకోమని మొండికేసినారు. మామిడికాయ రాకముందే మేము సరే అని సంతకం పెట్టాల. మీరొకసారి రండి."

ఫోనులోనే చెప్పి ఉండచ్చు. చెప్పలేదు. కొళాయి సంగతి చెప్పాలంటే చెంగల్రాయుడి సంగతి చెప్పాల.

చెంగల్రాయుడిది వడమాలపేట. నాకంటే మూడేండ్లు పెద్ద, నేను అన్నా అనేవాణ్ణి. ఇద్దరమూ ఒకే షిఫ్టు, ఒకే కుక్కరు. నాకు చదువు లేదు, ఆయనకు ఉండాది. బువ్వ తినేటప్పుడు పేపరు చదివి వినిపించేవాడు. సగం పేపరులోది, సగం సొంత కల్పన. నాకు తేడా తెలీదని ఆయన ధైర్యం. ఒకరోజు మధ్యాహ్నం వేడి చూపించే మీటరు కాడ నేను నిలబడినాను. అంకెలు రావు గానీ ముల్లు తెలుసు. పైకి లేస్తే వేడి, కిందికి పడితే చల్లన. ముల్లు బాగా కిందికి పడి ఉండాది. "అన్నా, ముల్లు పడిపోయింది, మూత తియ్యి" అన్నాను. తీసినాడు. లోపల ఆవిరి చల్లారలేదు. ఆయన మొగమంతా కాలింది, ఒక కన్ను ఆ పొద్దే పోయింది. మీటరు చచ్చి ఉన్నిందని తర్వాత తేలింది గానీ మేనేజరు అన్న మాటే నిలిచిపోయింది. చదువు రానోణ్ణి మీటరు కాడ నిలబెడితే ఇంతే అన్నాడు.

ఆసుపత్రికి పోయినాను. తలుపు కాడ నిలబడి, మొగం నిండా కట్టు చూసి, మాట రాక తిరిగి వచ్చినాను. ఆ తర్వాత వయోజన బడిలో ఆడోళ్ళ మధ్య కూర్చొని అ ఆలు దిద్దినాను. నీళ్ళు వదలడానికి ఊరికే ఉన్న చిన్న కొళాయిని మూత తీసే ముందు తిప్పడం మొదలుపెట్టినాను. ఆవిరి రాకపోతేనే మూత. నన్ను చూసి అందరూ అలవాటు పడినారు. వడమాలపేటకు మాత్రం పోలేదు.

పుత్తూరు

మా ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కితే పుత్తూరులో టిఫిను వేళకు దిగచ్చు. ఇడ్లీ నాలుగు నలభై రూపాయలు, చట్నీ కావాల్సినంత. మా ఊర్లో ఇరవై అయిదు, చట్నీ రెండోసారి అడిగితే మొగం చూస్తారు. రెండిటికీ సరిపోయిందిలే.

తిరుపతి బస్సులో నా పక్కన ఒక నడి వయసు ఆమె కూర్చొనింది. చేతికి పుత్తూరు కట్టు, వెదురు బద్దలు గుడ్డలోంచి కనపడతా ఉండాయి. ఆవు తోసిందంట. కండక్టరు ఆమెకు సున్నా టిక్కెట్టు ఇచ్చి నా దగ్గర డబ్బులు తీసుకున్నాడు. ఆడోళ్ళకు బస్సు ఉచితం గదా. "నీదీ నాదీ ఒకే సీటు, ఒకే కుదుపు. నువ్వెందుకు కట్టాల్నో అడుగప్పా వాణ్ణి" అని నన్ను ఎగదోసింది. అడగలేదు. కొండకు పోతా ఉండావా అనింది. లేదు, కంప్యూటరు చూడ్డానికి పోతా ఉండాను అన్నాను. నన్ను పైకీ కిందికీ చూసి, తన మూట కొంచెం అవతలికి జరుపుకొనింది.

వడమాలపేట, కిటికీలోంచి

బస్సు వడమాలపేటలో నిలబడింది. దిగేవాళ్ళు దిగినారు. నా సంచి నా ఒళ్ళోనే ఉండాది. కిటికీలోంచి టీ కొట్టు, పక్కన సిమెంటు దోవ, దాని చివర ఇండ్లు కనపడినాయి. బస్సు దిగి నూరడుగులేస్తే మా ఇల్లు అని చెంగల్రాయుడు చెప్పేవాడు. రెండో కన్ను గూడా వయసుతో పోయిందని నాలుగేండ్ల కింద ఎవరో చెప్పగా విన్నాను.

చేతికి కట్టున్న ఆమె "దిగల్నా అప్పా, లేస్తా ఉండావే" అనింది. నేను లేచినట్టు నాకే తెలీదు. లేదమ్మా అని కూర్చొన్నాను. బస్సు కదిలినాక అర మైలు దాకా మెడ తిప్పి చూస్తానే ఉన్నాను.

తిరుపతి

తిరుపతిలో ఆటోవానికి హేమలత ఇచ్చిన అడ్రసు కాగితం చూపించినాను. వాడు కాగితం చూడలేదు, నా పంచె, నా సంచి చూసినాడు. అరగంటకు అలిపిరిలో దించినాడు. ఈడికెందుకు తెచ్చినావు అంటే, నీ వయసులో తిరుపతికి ఇంకెందుకొస్తారు తాతా, మెట్లు ఈడే మొదలు అన్నాడు. నూట యాభై తీసుకున్నాడు, మళ్ళీ ఆఫీసు దాకా ఇంకో నూట ఇరవై. మెట్ల మొదట్లో ఒక కొత్త పెండ్లి జంట ఒక్కో మెట్టుకూ పసుపు రాస్తా ఉన్నారు. ప్రతి మెట్టుకూ వంగాల్సిందే, ఒక్కటి వదిలినా మొక్కు తీరదు. కాసేపు చూసినాను. ఆఫీసులో ఆ జంట నాకు మళ్ళీ గుర్తుకొచ్చింది.

ఆఫీసు మూడో అంతస్తులో, చలి గది. హేమలత ఇరవై ఏడేండ్లుండచ్చు, శెట్ల పిల్ల, వాళ్ళ నాయనకు గాంధీ రోడ్డులో పాత్రల అంగడి ఉండాది. నీళ్ళిచ్చి కూర్చోబెట్టి చెప్పింది. కుక్కరును నడిపే ప్రోగ్రాములో ఇట్లయితే ఇది చెయ్యి, అట్లయితే అది చెయ్యి అని వందల చోట్ల దోవ చీలతాదంట. ప్రతి చీలికలోనూ ఒకసారి నడిచి చూడాల. మనుషులు కూర్చొని పరీక్షలు రాస్తే రెండు వారాలు పడతాది, అయినా కొన్ని దోవలు మర్చిపోతారు. ఇప్పుడొక సాఫ్ట్‌వేరు ఉండాది. అది ప్రోగ్రామును తానే చదివి, ఏ దోవా వదలకుండా పరీక్షలు తానే పుట్టిస్తాది. మేము టీ తాగి వచ్చేలోపల నాలుగు వందలు పుట్టించింది తాతా అనింది.

నాకు అర్థమయింది. ఒక్క మెట్టూ వదలకుండా పసుపు రాసేది. మా నాయన గూడా చెరకు తోటలో కొత్త కాలవ తీస్తే అంతే చేసేవాడు. ఒక్కో మడవ తెరిచి నీళ్ళు యాడికి పోతాయో చూసేవాడు, ఒక్కటి గూడా వదిలేవాడు కాదు.

"నీళ్ళు యాడికి పోయినాయో అది చెప్తాది. సరే. పోవాల్సిన మడికే పోయినాయని ఎవరు చెప్తారు?" అని అడిగినాను.

హేమలత నవ్వింది. "మా తలనొప్పి అదే తాతా. ఈ బటను నొక్కితే మూత తెరుచుకుంది అని అది రాసిపెడతాది. తెరుచుకోవచ్చా, కూడదా అనేది దానికి తెలీదు. మనిషే చదివి టిక్కు పెట్టాల."

టిక్కులు పెట్టిన కాగితాలు ముందర పెట్టింది. నాకోసం పైన పేర్లు తెలుగులో వేయించింది. వేడి, వత్తిడి, ఆవిరి కొళాయి, బటను, మూత. ఆవిరి కొళాయంటే మా చిన్న కొళాయి కాదు, ఆవిరిని బయటికి వదలడానికి ప్రోగ్రామే తిప్పే పెద్దది. పక్క బల్ల కాడ ఒక ఇంజనీరు, కార్తీక్ అంట, నేను వేలు పెట్టి చదవడం చూసి, తాతా నేను చదివి వినిపించనా అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. అవసరం లేదు నాయనా, ఇంకొకరితో చదివించుకోవడానికి నేను అంత కష్టపడి నేర్చుకోలేదు అన్నాను.

మూడు గంటలు చదివినాను. చాలా మటుకు సరిగ్గానే ఉండాయి. కొన్ని చూస్తే నవ్వొచ్చింది. కుక్కరు ఖాళీగా ఉండంగా మూత తీసి, వేసి, మళ్ళీ తీసి, ఏ పిచ్చోడూ చెయ్యని పనులు. ఇంకొక కొరత గూడా కనపడింది. ఇవి అన్నీ టకటకా నొక్కేవే, కాసేపు ఆగి నొక్కేది ఒకటీ లేదు. కుక్కరు పనిలో సగం ఆగడమే గదమ్మా అన్నాను. ఆగేవాటిలో ఈ సాఫ్ట్‌వేరు బలహీనమే, అవి నేను చేత్తో రాసినాను అని వేరే కాగితం చూపించింది. తెలివైన పిల్ల.

రెండు వందల పదిహేడో వరస కాడ నా వేలు ఆగిపోయింది. వేడి 0. వత్తిడి 0. ఆవిరి కొళాయి తెరిచి ఉండాది. బటను నొక్కినారు. మూత తెరుచుకుంది. పక్కన ఆకుపచ్చ టిక్కు.

ఇది ఎవరు పెట్టిన టిక్కు అని అడిగినాను.

"నేనే తాతా" అన్నాడు కార్తీక్. "వేడి సున్నా, వత్తిడి సున్నా. చల్లగా ఉంది కదా, తెరుచుకోవచ్చు."

"నీది ఏ ఊరు?"

"తిరుపతే."

"తిరుపతిలో నీకు తెలిసి ఎప్పుడన్నా సున్నా డిగ్రీలు వచ్చిందా? ఈ గదిలో చలికి నా మోకాళ్ళు పట్టుకున్నాయి. గోడ మీద పెట్టెలో చూడు, ఇరవై రెండు అని ఉండాది. ఇంగ చిత్తూరులో, ఎండాకాలంలో, ఆవిరి పోతా ఉండే కుక్కరులో సున్నా యాడ నుంచి వచ్చింది?"

హేమలత కాగితం తన వైపు తిప్పుకొని చాలాసేపు చూసింది. వేడికీ వత్తిడికీ వైర్లు ఒకే పెట్టెలోంచి వస్తాయి, ఆ పెట్టె చచ్చిపోతే రెండూ సున్నానే చూపిస్తాయి అని మెల్లగా చెప్పింది. అంటే సున్నా అంటే చల్లన కాదు తాతా, మీటరు లేనట్టు.

నేను కిటికీ కాడికి పోయి నిలబడినాను. చలికి లేచినాననుకున్నాడో ఏమో, కార్తీక్ లేచి ఏసీ ఆపినాడు. ముప్పై ఏండ్ల కింద నేను చదవలేకపోయిన సున్నా అది. పెద్ద చదువులు చదివిన పిల్లోళ్ళు దాన్ని చదివి గూడా చల్లనే అనుకున్నారు.

చిత్తూరు

రెండో రోజు హేమలత కారులో చిత్తూరు పోయినాము. పూతలపట్టు దాటినాక దోవకు రెండు పక్కలా మామిడి తోటలు, కాయ ఇంకా పచ్చిగా గుత్తులు గుత్తులుగా వేలాడతా ఉండాది. ఎదురుగా వచ్చే గాలికి నాకు ఫ్యాక్టరీ కూడు గుర్తుకొచ్చింది. చెంగల్రాయుడు వడమాలపేట నుంచి తెచ్చే ఊరిబిండి, అదే చెనిక్కాయల పచ్చడి, నేను తెచ్చే సంగటి. అందులో చెనిక్కాయలు మా ఇంట్లో వేయించిన దానికంటే ఒక్క పొర ఎక్కువ వేగి ఉండేవి. ఆ రుచి మళ్ళీ దొరకలేదు. హోటళ్ళలో అడిగి చూసినాను, ఇంట్లో చేయించి చూసినాను.

ఫ్యాక్టరీలో కాయ ఇంకా రాలేదు. నేల కడిగి ఆరబెట్టి ఉండాది. అయినా గోడల్లోంచి ఆ తీపి వాసన వస్తానే ఉండాది. నా కాళ్ళు వాటంతట అవే పాత కుక్కరు కాడికి పోయినాయి. పక్కకు తోసి పెట్టినారు. చిన్న కొళాయికి పసుపు, కుంకుమ.

కాయలు ఏరే మునెమ్మ చీపురు పట్టుకొని వచ్చింది. "పోయిన ఆయుధ పూజకు నేనే పెట్టినా అన్నా. మూత తీసే ముందు అందరూ మొక్కతా ఉంటే దేవుడనుకున్నాం. నువ్వు పెట్టిన కొళాయంట గదా. ముందే చెప్పింటే నీకే పెట్టి ఉందుము."

మొక్కడం నేను నేర్పలేదు. ఆవిరి రాలేదని తెలిసినాక ఊపిరి వదిలి చెయ్యి మొగానికి తగిలించుకునేవాణ్ణి. చెంగల్రాయుడి మొగం గుర్తుకొచ్చి. దాన్ని వాళ్ళు కండ్లకద్దుకోవడం అనుకున్నారు.

కొత్త కుక్కరు తళతళ మెరస్తా ఉండాది, ముందర తెర. ఖాళీ పాత్రే, ఆవిరి లేదు. తెర మీద ముప్పై తొమ్మిది డిగ్రీలు, బయట ఎండ అంతే. మేనేజరు కొత్తాయన, తొందర మనిషి. ఒక వైరుకు ఇంత రచ్చ ఎందుకు, అట్ల ఎప్పుడు జరగతాది అన్నాడు. హేమలత మీటరు వైర్ల పెట్టె తెరిచి ఒక వైరు పీకింది. తెర మీద ముప్పై తొమ్మిది పోయి సున్నా వచ్చింది. చిత్తూరులో సున్నా డిగ్రీలు. ఆవిరి కొళాయి తెరిచే ఉండాదని ప్రోగ్రాముకు చెప్పి బటను నొక్కింది.

తటక్కుమని మూత గొళ్ళెం ఊడింది.

చుట్టూ పదిమంది పనోళ్ళు ఉండారు. మేనేజరు గొళ్ళెం చూసినాడు, మూత ముందర ఎవరు నిలబడతారో ఆ చోటు చూసినాడు. అప్పుడు నేను చెంగల్రాయుడి సంగతి చెప్పినాను. అందరి ముందర, ముల్లు పడిపోయింది అన్నది నేనేనని గూడా. ముప్పై ఏండ్లలో అది మొదటిసారి బయటికి చెప్పడం.

సాయంత్రానికల్లా హేమలత ప్రోగ్రాము రాసినోళ్ళతో మాట్లాడింది. సున్నా వస్తే మీటరు చచ్చిందని అరవాల, మూత తెరవకూడదు. చిన్న కొళాయి ఒకటి కొత్తదానికీ వెల్డింగు చేయించాలని నేను పట్టుబట్టినాను. మేనేజరు ఈసారి తొందర పడలేదు, సరే అన్నాడు.

పరీక్షలు పుట్టించే ఆ సాఫ్ట్‌వేరు ఉపయోగమా అని మీరు అడిగితే, ఉపయోగమే అంటాను. మా ప్రాంతం మనిషి ఎవడు రాసినా వేడి దగ్గర సున్నా అని రాయడు, వాని తలకే రాదు. అది రాసింది, దానికి చిత్తూరు ఎండ తెలీదు కాబట్టి. తప్పు అని చెప్పలేకపోయిందీ అందుకే. కాగితం పుట్టించినాక ఎండ తెలిసినోడు ఒకడు పక్కన కూర్చొని చదవాల. టిక్కు పెట్టే తొందరలో ఉండేవాళ్ళు కాదు.

పోయేటప్పుడు హేమలతను ఒకటి అడిగినాను. ఆ రెండు వందల పదిహేడో వరస ఒక్కటీ నాకు కాగితం మీద వేసివ్వమన్నాను. ఎందుకని అడగలేదు. ఆకుపచ్చ టిక్కు తీసేసి, ఎర్రగా తప్పు అని వేసి ఇచ్చింది.

వడమాలపేట

చిత్తూరు నుంచి మా ఊరికి దగ్గర దోవ ఉండాది. నేను మూడో రోజు మళ్ళీ తిరుపతికే పోయి, ఆడ నుంచి పుత్తూరు బస్సెక్కి, వడమాలపేటలో దిగినాను. నూరడుగులని ఆయన చెప్పింది అబద్ధం, మూడు వందలు ఉండాయి.

వాకిట్లో ఆయన పెండ్లాం రాజమ్మ వదిన బియ్యం చెరగతా ఉండాది. ఎవరని అడిగింది. గురప్ప అన్నాను. చేట కింద పెట్టింది.

"ముప్పై ఏండ్లకు దోవ దొరికిందా?"

ఆమె పక్కకు జరిగింది. చెంగల్రాయుడు వసారాలో మంచం మీద కూర్చొని చేత్తో తడుముకుంటా చెనిక్కాయలు ఒలస్తా ఉండాడు. మొగం ఒక పక్క ముడత పడి మెరస్తా ఉండాది. రెండు కండ్లూ మూసుకొని ఉండాయి. జుట్టు మాత్రం నా కంటే ఎక్కువ ఉండాది. నా మాట విని ఒలిచేది ఆపినాడు. కూర్చో అనలేదు, మంచంలో ఒక పక్కకు జరిగినాడు. షిఫ్టులో బల్ల మీద గూడా అట్లనే జరిగేవాడు.

చాలాసేపు ఇద్దరమూ చెనిక్కాయలే ఒలిచినాము. వదిన సంగటి ముద్ద, ఊరిబిండి తెచ్చి పెట్టింది. నోట్లో పెట్టుకున్నాను. అదే, ఒక్క పొర ఎక్కువ వేగింది.

చెయ్యి కడుక్కొని కాగితం బయటికి తీసినాను. ఫ్యాక్టరీ కాగితం ఒకటి తెచ్చినాను అన్నా, చదవతా విను అన్నాను.

"ఎవురు సదివేది?"

"నేనే."

తల నా వైపు తిప్పినాడు. నేను వేలు పెట్టి చదివినాను. వేడి సున్నా. వత్తిడి సున్నా. ఆవిరి కొళాయి తెరిచి ఉండాది. బటను నొక్కినారు. మూత తెరుచుకుంది. తప్పు.

చదివి, కార్తీక్ టిక్కు సంగతి, గొళ్ళెం ఊడిన సంగతి చెప్పినాను. చదువుకున్నోళ్ళు గూడా సున్నాను చూసి చల్లనే అనుకున్నారు అన్నా అన్నాను. అది చెప్పడానికే వచ్చినానని ఆయనకు తెలిసిపోయింది.

"నేనూ సూసినా రా" అన్నాడు.

"ఏంది?"

"ఆ పొద్దు. నువ్వు ముల్లు పడిపోయింది అన్నాంక నేను గూడా వంగి సూసినా. సున్నా అని సదివినా. సదివే తీసినా."

గిన్నెలు తీస్తా ఉన్న వదిన మా వైపు తిరిగింది. ఆమెకూ ఇది కొత్త మాటేమో.

"మేనేజరుకు చెప్పలేదే అన్నా."

"వాడు నన్ను అడగలా. మొగానికి కట్టు, నోటికి కట్టు. నువ్వు తలుపు కాడికొచ్చి నిలబడుకొన్న్యావు. నీ సెప్పుల సద్దు నాకు తెల్దా. పిలుద్దామంటే నోరు రాలా. మళ్ళా వస్తావులే, అప్పుడు సెప్దాం అనుకున్న్యా." చెనిక్కాయ ఒకటి చిదిమి, "నువ్వు రాలా" అన్నాడు.

బయట రోడ్డు మీద బస్సు హారను వినపడింది. నేను ఎక్కాల్సిన పుత్తూరు బస్సు. వదిన నా మొగం చూసింది. నేను లేవలేదు.

చెంగల్రాయుడు చేత్తో తడిమి, నా చేతిలో ఉన్న కాగితం అంచు పట్టుకున్నాడు.

"ఇంగోసారి సదువు. మెల్లగా. ఆ బస్సు పోనీ ముందు."

బస్సు పోయిందాకా ఆగి, మొదటి నుంచి చదివినాను.